బయట మామ్మ ఉంది

మామ్మా,

చదువైపోయింది. మద్రాసు నుంచి ఇవాళ రంగూన్ వచ్చేశాను, ఇక్కడే ఉండిపోవడానికి. నువ్వు చెప్పినట్టే బర్మా లుంగీ కట్టుకుని, బుగ్గలకు తనకా చెక్క అరగదీసిన గంధం పూసుకుని, రేవులో కాగితాలు చూసే వరుసలో నిలబడ్డాను.

“ఎవరింట్లో ఉంటావు?” అని అధికారి బర్మీస్‌లో అడిగాడు.

నీతో ఉండటానికే నాకు అనుమతి ఇచ్చారు. నువ్వు పోయావని చెబితే వెనక్కి పంపేస్తాడని భయమేసింది.

“మా మామ్మతో. బయట కాచుకుని ఉంది,” అన్నాను, నువ్వు నేర్పిన బర్మీస్‌లోనే.

“ముసలమ్మని ఎండలో నిలబెట్టావా? పో, పో!” అని నవ్వుతూ ముద్ర కొట్టాడు.

బయట నాకోసం వచ్చిన మావయ్య, “ఏటడిగాడే పిల్లా?” అన్నాడు.

“ఏటీ లేదు మావయ్యా.”

లమ్మడా పేటలో మన ఇంటి మెట్లెక్కేసరికి తనకా ఎండి బుగ్గలు బిగుసుకున్నాయి. కడుక్కుందామని వెళ్తే, నువ్వు రోజూ గంధం తీసిన రాయి కుళాయి పక్కన పొడిగా ఉంది.

కడుక్కోలేదు.