ఎడమ పక్క ట్రే

అక్టోబర్ 7, మంగళవారం

కెనడా వాళ్ళు గురువారం వస్తున్నారు. ఏజెంట్ సీ బూషయిబ్ ఈరోజు మా చేపల ఫ్యాక్టరీ షెడ్డులోకి వచ్చి, మోచేతి మడతలో ముక్కు దాచుకుని మరీ చెప్పాడు. అక్కడ సముద్రం ఒడ్డున పీతలు ఒలిచి డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీ ఉందట. సీజన్‌కి మనుషులు కావాలట. సీజన్ అయిపోగానే తిరిగి రావాలి. చదువు అక్కర్లేదు, చేతులు చాలు అన్నాడు.

ఆ మాట నా కోసమే అన్నట్టుంది. ఐదో క్లాసుతో బడి మానేసినదాన్ని. ఫ్రెంచ్ చదవడం సార్డీన్ చేపల డబ్బాల లేబుళ్ళ మీద నేర్చుకున్నాను. ఎక్కడికెళ్ళినా ముందు సర్టిఫికెట్ అడుగుతారు. మొదటిసారి ఎవరో చేతులు చూపించమన్నారు. మా సఫీ రేవు మొత్తంలో నాకంటే వేగంగా సార్డీన్ తల తీసి పేగు లాగే మనిషి ఉంటే రమ్మనండి, చూస్తాను.

వెళ్ళి తీరాలి. కోత మెషిన్ వచ్చేసింది. షెడ్డు మూలన టార్పాలిన్ కింద ఉంది. వచ్చే బక్రీదు పెద్ద పండుగ కాగానే నడుపుతారు. ఆ తర్వాత చేతికోత వరస ఉండదు. నేను మా అన్న జిలాలీ ఇంట్లో వదిన చెప్పిన పనులు చేస్తూ పడి ఉండాలి. అంతకంటే ఆ మెషిన్‌లో తల పెట్టడం మేలు.

అక్టోబర్ 9, గురువారం, సాయంత్రం

టెస్ట్ అయింది. కెనడా మేడమ్ గుమ్మం దాకా వచ్చి, వాసనకి తట్టుకోలేక ఆఫీసు గదిలోకి వెళ్ళి కూర్చుంది. సైరన్ మోగితే మొదలు, మళ్ళీ మోగితే ఆపు. తర్వాత ఎవరి ముందున్న ట్రే వాళ్ళ పేరు మీద తూస్తారు. అంతే.

రఖియా వచ్చి నా ఎడమ పక్క కూర్చుంది. బొటనవేలికి గుడ్డ. పొద్దున్నే కోసుకుందట, అదీ ఈరోజే! దాని రాతే అంత. మొగుడు లార్బీ విరగ్గొట్టిన మణికట్టు సరిగ్గా అతుక్కోలేదు, అసలే చెయ్యి నెమ్మది. ఆ విరగ్గొట్టినందుకే వాడు జైల్లో ఉన్నాడు. చిన్నప్పటి నుంచీ నాకున్న ఒక్క స్నేహితురాలు అది. జాలేసింది. అంతలో సైరన్ మోగింది. ఆ తర్వాతేదీ గుర్తులేదు. కోసేటప్పుడు నాకు తల ఉండదు, చేతులే ఉంటాయి.

హరీరా సూప్ రెండు గిన్నెలు తాగాను. కెనడాలో కూడా ఇలాగే తాగుతావా అని వదిన దెప్పింది. అక్కడ నువ్వుండవు కదా, మూడు తాగుతాను అన్నాను.

అక్టోబర్ 10

రఖియా సెలెక్ట్ అయింది. నేను కాలేదు.

అక్టోబర్ 11

నిన్న అంతకంటే రాయడానికి చెయ్యి ఆడలేదు. ఇప్పుడు రాస్తాను.

మా వరసలో ఒక పద్ధతి ఉంది. వేలు తెగిందో, బిడ్డను కన్నదో, ఇంట్లో చావు జరిగిందో, అలాంటి మనిషి బొటనవేలికి గుడ్డ కట్టుకుని ఎవరో ఒకరికి ఎడమ పక్కన కూర్చుంటుంది. పక్కనున్నది తను కోసిన చేపలు ఆమె ట్రేలోకి తోస్తూ ఉంటుంది. ఎవరూ అడగరు, ఎవరూ మెచ్చుకోరు. సూపర్‌వైజర్లకి తెలియదు. నేను చేరిన రోజు నుంచీ తోస్తున్నాను. తోశానని నాకే తెలియదు. ఊపిరి పీల్చానని ఎవరికి తెలుస్తుంది?

టెస్ట్‌లో కూడా తోశాను. నా కెనడా మొత్తం దాని ట్రేలోకి తోసేశాను.

సీ బూషయిబ్ దగ్గరికి పరిగెత్తాను. తూకంలో ఏదో పొరపాటు జరిగింది, మళ్ళీ పెట్టండి అన్నాను. త్రాసుకి నీ మీద పగేం లేదమ్మాయ్, ఈసారి ఇంకాస్త చెయ్యి ఆడించు అన్నాడు. నాకు! చెయ్యి ఆడించమని! ఎందుకు తగ్గిందో చెప్పాలంటే వరస పద్ధతి బయటపెట్టాలి. అది బయటపడితే రేపటి నుంచి వేలు తెగినదాన్ని ఇంటికి పంపేస్తారు. నోరు మూసుకుని వచ్చాను.

రఖియా తనే వెళ్ళి తన చోటు నాకిమ్మని చెబుతుందని రోజంతా చూశాను. గేటు దగ్గర నా నుదురు ముద్దు పెట్టుకుని ఏడ్చి వెళ్ళిపోయింది. ఏడుపు దేనికి? నోరు లేదా?

అయినా దాని తప్పేముంది. వేలు తెగింది, కట్టు కట్టుకుంది. తప్పు నా చేతిది.

అక్టోబర్ 17, శుక్రవారం

వేలు తెగలేదు.

స్నానాలకి హమ్మామ్‌కి వెళ్ళాను. ఆవిరిలో ఎవరో వెనక కూర్చుని నా వీపు రుద్దడం మొదలుపెట్టారు. రఖియానే. సరే, మాట్లాడదామని వచ్చింది కాబోలు అనుకున్నాను. తర్వాత నా వంతు. దాని చెయ్యి పట్టుకుని రుద్దుతున్నాను. బొటనవేలు చూశాను. తిప్పి చూశాను. రెండో చెయ్యి కూడా చూశాను. గీత లేదు, మచ్చ లేదు. సార్డీన్ కత్తి గాటు వారంలో పోదు. నా వేళ్ళ మీద చిన్నప్పటివి కూడా ఉన్నాయి.

ఏదే గాయం అన్నాను. చెయ్యి వెనక్కి లాక్కుంది. ఏదే అని అరిచాను. హమ్మామ్ మొత్తం ఇటు తిరిగింది. మిలూదా, నన్ను తిట్టు, కొట్టు, కానీ ఇక్కడ వద్దు అంది. కొట్టడానికి నేను లార్బీని కాదు అన్నాను. ఆ మాటకి అది వంగిపోయింది. నీళ్ళ బకెట్ తన్ని వచ్చేశాను.

అక్టోబర్ 18

అందరికీ తెలుసు.

సైరన్ కోసం గేటు బయట కూర్చున్నాం. లల్లా తామూ రొట్టె తుంచి, ఆలివ్‌లు పెట్టి నాకు అందించింది. మా వరసలో పెద్దది ఆవిడే, నాకు కత్తి పట్టడం నేర్పింది కూడా ఆవిడే. రఖియా వేలు తెగలేదు తెలుసా లల్లా అన్నాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒకత్తె గిన్నె కడగడానికి లేచింది, ఇంకొకత్తె తలగుడ్డ సర్దుకుంది. అప్పుడు అర్థమైంది.

గుడ్డ కట్టిందే నేను అంది లల్లా తామూ.

లార్బీ వసంతంలో జైలు నుంచి వస్తాడట. వచ్చేలోపు దానికీ వాడికీ మధ్య సముద్రం ఉండాలట. కూతుర్ని అమ్మమ్మ దగ్గర దాచి, ఇది వెళ్ళిపోవాలట. ఆ చేత్తో అక్కడ ఏం కోస్తుంది అన్నాను. ముందు చేరనీ, అక్కడ ఊడ్చే పనైనా ఉంటుంది అంది.

మరి నాకెందుకు చెప్పలేదు? నన్ను అడిగితే ఏం పోయేది?

లల్లా తామూ నవ్వింది. నవ్వింది! నీకు చెబితే ఫ్యాక్టరీ సైరన్‌కి చెప్పినట్టే కదే పిల్లా అంది. మీ అన్నా లార్బీ ఒకే పడవలో వేటకెళ్ళిన మనుషులు. ఇంట్లో వదినతో గొడవొస్తే నీ నోట్లో ఏది ఆగుతుంది అంది. అందరూ కిసుక్కుమన్నారు.

నా నోరు ఆగదట. నా చేతులు మాత్రం పనికొచ్చాయి.

రొట్టె ఆవిడ ఒళ్ళోకి విసిరి లేచాను.

అక్టోబర్ 30

వరసలో కూర్చుంటున్నాను. ఎవరితోనూ మాట్లాడను. నా ఎడమ పక్క కూర్చోవడానికి ఎవరికీ ధైర్యం లేదు.

అడిగి ఉంటే ఇచ్చేదాన్నా? రోజూ అదే ప్రశ్న. ఇచ్చేదాన్ని అనే అనుకుంటున్నాను. ఇప్పుడెలా తెలుస్తుంది? ఇచ్చే అవకాశం కూడా లాగేసుకున్నారు.

ఏప్రిల్ 12

రఖియా కెనడా వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు వచ్చి తలుపు కొట్టింది. తీయలేదు.

ఏప్రిల్ 20

ఇల్లు చేరేసరికి లార్బీ చెప్పులు గుమ్మంలో ఉన్నాయి. జిలాలీ వాడికి టీ పోస్తున్నాడు, జైలు నుంచి కాదు, హజ్ నుంచి వచ్చిన మనిషికి పోసినట్టు. వదిన ప్లేట్లో మ్సెమ్మెన్ రొట్టెలు పెట్టింది. నా పెళ్ళాం ఎక్కడ చెల్లీ అన్నాడు లార్బీ. మెత్తగా అడిగాడు. చిన్నగా నవ్వాడు కూడా.

ఆరు నెలలుగా కాలుతున్నదంతా గొంతు దాకా వచ్చింది. ఒక్క మాట చాలు. కెనడా అంటే చాలు. అత్తగారిని పీడించి అక్కడ ఏ ఊరో రాబడతాడు, ఆవిడ దగ్గర దాచిన పిల్లను లాక్కొస్తాడు, పిల్ల కోసం అది తిరిగి వస్తుంది. నన్ను ముంచినదానికి అంతకంటే ఏం కావాలి?

టాంజియర్‌లో రొయ్యలు ఒలవడానికి పోయింది అన్నాను. ఏ ఫ్యాక్టరీ అన్నాడు. దానికీ నాకూ మాటల్లేవు, ఇంకెవరినైనా అడుగు పో అన్నాను. జిలాలీ నన్ను మింగేసేలా చూశాడు. నిజం చెప్పు, నీ నోట్లో ఏదీ ఆగదుగా అన్నాడు. నిజమే చెప్పాను అన్నాను.

లార్బీ ఉత్తరానికి పోయే బస్సెక్కాడని రాత్రి వదిన చెప్పింది. టాంజియర్ పెద్ద ఊరు. తిరగనీ.

ఏప్రిల్ 29

లార్బీకి నేను టాంజియర్ అని చెప్పిన సంగతి వదిన బావి దగ్గర చెప్పిందో, రొట్టెల భట్టీ దగ్గర చెప్పిందో, వరసకి చేరింది. ఈరోజు షెడ్డులో ఒక్కరూ నా వైపు సూటిగా చూడలేదు.

మే 5

కెనడా వాళ్ళకి ఇంకొంతమంది కావాలట. గురువారం మళ్ళీ టెస్ట్. మెషిన్ మీద టార్పాలిన్ తీసేశారు. ఇదే ఆఖరు.

లల్లా తామూ వచ్చి నా పక్కన చతికిలబడింది. ఈసారి అందరం నీ ట్రేలోకే తోస్తాం, మాట్లాడుకున్నాం అంది. నాకు ఒళ్ళు మండింది. మీ చేపలు నాకెందుకు, మీ అందరి మీదా ఒంటి చేత్తో గెలుస్తాను అన్నాను. గెలుస్తావు, ఎవరు కాదన్నారు అంది. మరి? అన్నాను. నీకు గెలవడం రాదని కాదే, మాకు వేరే ఏం చెయ్యాలో తెలియక అంది. పోతున్న మనిషిని ఆపి అడిగాను: మళ్ళీ నన్ను అడక్కుండానే మాట్లాడుకున్నారా?

లల్లా తామూ తన చోటికి వెళ్ళి కత్తి నూరుకుంది.

వీళ్ళలో సగం మందికి ఆ సీటు కావాలి. నాకు తోస్తే వాళ్ళ ట్రే ఖాళీ. వాళ్ళకీ తెలుసు. తెలిసే అన్నారు. దాన్ని నేనేం చేసుకోవాలి? అలాగని వద్దనను. కాదు, వద్దంటాను. తెలియదు.

మే 7, గురువారం

సైరన్ మోగింది. మేడమ్ ఈసారీ ఆఫీసు గదిలోనే ఉంది. చేతులు కట్టుకుని కూర్చున్నాను. కుడి నుంచీ ఎడమ నుంచీ తోస్తూనే ఉన్నారు. ఒక్కరూ తలెత్తలేదు. లల్లా తామూ కోస్తూ ఏడ్చింది, లేదా చెమటేమో. ట్రే పొర్లింది. నేను కత్తి ముట్టుకోలేదు.

తూకం అయ్యాక, సెలెక్ట్ అయినవాళ్ళలో మొదటి పేరు నాదే చదివారు.