సిలోను పేరున్న చిత్రమూలం

తనిఖీ అధికారి కాశీపతి గారికి,

నమస్కారమండి. మా కొట్టు నుంచి వెళ్తున్న చిత్రమూలం వేళ్ల బస్తాలను నందిగామలో ఆపించి, ఇది విదేశీ సరుకు, దిగుమతి కాగితాలు చూపించమని నోటీసు పంపారు.

మందుల కంపెనీవాళ్లు శాస్త్రీయ నామం లేనిదే సరుకు దించుకోరు. అందుకే బిల్లు మీద ‘ప్లంబాగో జైలానికా’ అని రాయించా. జైలానికా అంటే సిలోనుకు, అదే ఇప్పటి శ్రీలంకకు, చెందినదని మీరు చెప్పింది నిజమే. ఎప్పుడో ఒక శాస్త్రవేత్త ఆ దీవి పేరు దీనికి తగిలించాడు. అంతమాత్రాన మొక్క ఓడెక్కి రాలేదండి. మీ పేరు కాశీపతి అయినా మిమ్మల్ని గంగ ఒడ్డు నుంచి తెచ్చారా అని ఎవరూ అడగలేదు కదా.

ఈ వేళ్లు చందర్లపాడు పొలం గట్ల మీదివి. పచ్చివేరు రసం తగిలి, తవ్వుకొచ్చే సీతారావమ్మ అరచేతులు బొబ్బలెక్కాయి. నా దగ్గరున్న కాగితాలు ఆ బొబ్బలే. మొన్న ఆమెను మీ ఆఫీసుకు వెంటబెట్టుకొస్తే, “పేరులోనే సిలోనుంటే ఇంకా వాదిస్తారేంటమ్మా, తప్పయిందని రాసిచ్చి సరుకు తీసుకెళ్లండి” అన్నారు.

రాయను.

ఆ రోజు తిరిగి వెళ్తుంటే మీ స్కూటర్ల షెడ్డు పక్కనున్న తెల్లపూల మొక్క జిగురుమొగ్గలు నా చీర కుచ్చిళ్లకు అంటుకున్నాయి. అదీ చిత్రమూలమే. ముందు దానికి నోటీసివ్వండి. అది ఏ కాగితాలు చూపిస్తుందో, నేనూ అవే చూపిస్తా.

ఇట్లు,
మూలికల కొట్టు యజమానురాలు,
జగ్గయ్యపేట.