ముంతాజ్ చదువుకే పోయింది

మెట్‌పల్లి, 1950

పర్మిట్లు చూసే అధికారి గారికి,

గాజులమ్మే ఫజలుద్దీన్ కూతురు ముంతాజ్‌కు నేను చదువు చెప్పాను. మా ఊళ్లో ఆడ డాక్టరు లేదని, 1946లో డాక్టరీ చదవడానికి లాహోరు వెళ్లింది. అప్పుడు మధ్యలో సరిహద్దు లేదు. ఇప్పుడు పరీక్ష పాసై తిరిగి వస్తానంటే, దేశం వదిలిపోయినవారికి కొత్త చట్టం ప్రకారం పర్మిటు లేదన్నారు. ఆమె వలస పోలేదండీ, చదువుకు పోయింది. ఇలా చిక్కుకున్న విద్యార్థులందరినీ వేరుగా చూడమని ఇది మూడోసారి రాయడం.

పోయిన నెల ఆమె తల్లి బిస్మిల్లా బీ జ్వరంతో చనిపోయింది. చివరి రోజు, "బిడ్డ వచ్చిందా సారూ?" అని అడిగింది. "తొవ్వల ఉన్నది చెల్లె" అని అబద్ధమాడాను.

ఫజలుద్దీన్‌కు అక్షరాలు రావు, ఉత్తరాలు నేనే రాస్తాను. "ఇగ సర్కారుకు రాయకు సారూ. అమ్మ సచ్చిపోయిందని బిడ్డకు రాయి" అన్నాడు. పర్మిటు వచ్చాక ఆ కబురు కూడా చెబుదామని ఆగాను.

నిన్న ముంతాజ్ ఉత్తరం వచ్చింది. తల్లికి ఏ మందు ఏ పూట ఇవ్వాలో వివరంగా రాసింది.

కాదన్నా సరే, త్వరగా చెప్పండి. ఆమెకు నేను జవాబు రాయాలి.

ఇట్లు,
ఆమె పంతులు