కెప్టెన్ దగ్గు

ఆదివారం రాత్రి

మా అమ్మాయి సనాకు ప్రాణమైన కబడ్డీ కెప్టెన్ ఇవాళ సంతోష్‌నగర్ గ్రౌండ్‌కి వచ్చి ఆడపిల్లలకు కూత నేర్పాడు. మధ్యలో గోడ చాటున సిగరెట్ కాల్చడం నేను చూశాను. తిరిగొచ్చి కూత అందుకోగానే దగ్గు ముంచుకొచ్చింది. "దుమ్ము మస్తుగున్నది" అని నవ్వి, పిల్లలు ఆడే మట్టిలోనే ఉమ్మేశాడు.

పక్కకు పిలిచి, "భాయ్, పిల్లలు మిమ్మల్నే చూస్తరు గదా" అన్నాను.

"నా దమ్ము నా ఇష్టం అక్కా. కప్పు గెలిచిన గదా" అన్నాడు. సిగరెట్ కంపు నా మొహానికి కొట్టింది.

ఆటోలో సనా అడిగింది: "అమ్మీ, ఆయన కాడ సిగరెట్ వాసనొచ్చింది. అయినా గెలుస్తుండు. మరి తాగితే ఏమైతది?"

అది నిద్రపోయాక ఇంట్లో గోడ మీది వాడి పోస్టర్ చింపేశాను. పొద్దున లేచి ఎందుకని అడిగితే ఏం చెప్పాలో...