పచ్చ కాగితం కింద ఎర్ర టేపు

ఏనుమాముల, వరంగల్
బుధవారం తెల్లవారుజామున, ఫజర్ నమాజు తర్వాత

హమ్మాద్, ముందు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పు. బండి తోలేవాడు తన ముందున్న రోడ్డు చూసుకుంటాడు, సరే. వెనక వచ్చేవాడి ప్రాణం ఎవరి జిమ్మా? వచ్చేవాడిదా, పోయేవాడిదా? తొందరపడకు. ఉత్తరం చివరిదాకా చదివి అప్పుడు చెప్పు.

బిడ్డకు బాపు సలాములు. మేం ముగ్గురం అల్లాహ్ దయతో తింటున్నాం, తిరుగుతున్నాం. నువ్వూ అక్కడ అట్లాగే ఉన్నావని నమ్ముతున్నాను. నీ ఉత్తరం చంద్రమౌళి మిర్చి లారీలో వచ్చి సోమవారం నాకు అందింది. ఫోన్ ఆన్ చేస్తే పోలీసులకు జాడ తెలుస్తుందని నీ భయం. అందుకే ఈ జవాబు కూడా అదే లారీలో పంపుతున్నాను. చంద్రాపూర్‌లో మీ మామ ఇంట్లో తిండికీ పడకకూ లోటు లేదని రాశావు, సంతోషం. అక్కడికి పోయినప్పటి నుంచి ఒక్కసారి కూడా మసీదుకు పోలేదని కూడా రాశావు. అది రాయకపోయినా నాకు తెలిసేది. దాక్కున్నవాడికి అజాన్ కూడా పోలీసు విజిల్ లాగే వినిపిస్తుంది.

నువ్వు నాలుగు సంగతులు అడిగావు. వరుసగా చెబుతాను.

మీ అమ్మ మోకాళ్ల గురించి అడిగావు. నొప్పి ఉంది, నడకా ఉంది. రోజూ నీ టిఫిన్ డబ్బా కడిగి బోర్లిస్తోంది. అన్న లేనప్పుడు ఎందుకమ్మా అని రుహీ అడిగితే, "దుమ్ము వడ్తది కదనే" అన్నది. రుహీ హనుమకొండ కాలేజీకి పోతూనే ఉంది. బస్సులో ఎవరైనా నీ గురించి అడిగితే మా అన్న ఊరికి పోయిండు అని చెబుతుందట.

ఇక నీ బండిని వెనక నుంచి వచ్చి గుద్దుకున్న ఆ పాల మనిషి, కుమారస్వామి. బతికే ఉన్నాడు. కుడి కాలు రెండు చోట్ల విరిగింది, రాడ్ వేశారు. పెద్ద దవాఖానలో ఉన్నాడు. నేను రెండుసార్లు పోయి వచ్చాను. ఆయన భార్య యాకమ్మ మంచం పక్కనే ఉంటుంది. మొదటిసారి నన్ను చూసి మొహం తిప్పుకుంది. రెండోసారి తనే మాట్లాడింది. "మీ అన్నారం దర్గ మొక్కు మీదనే నాకీ పేరు పెట్టిన్రు చాచా. మీ మీద కోపం పెట్టుకుంట గని, శాపం పెట్టను" అన్నది. నువ్వు నీ తువ్వాల ఆయన కాలికి కట్టావట. 108కు ఫోన్ చేసి, ఆయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నావట. ఊరివాళ్లు కట్టెలు పట్టుకుని వచ్చేసరికి పత్తి చేలకు అడ్డంపడి ఉరికావట. ఈ సంగతులన్నీ ఆయనే చెప్పాడు. నువ్వు నీ ఉత్తరంలో ఉరికిన ముక్క ఒక్కటే రాశావు.

బండి స్టేషన్ ఆవరణలో ఉంది. పత్తి బస్తాలను ఓనర్ సత్యనారాయణ వేరే బండిలో మార్కెట్‌కు పంపించుకున్నాడు. ఆయన నిన్ను తిట్టలేదు. "పోరడు రానియ్యి, మాట్లాడుదాం" అని మాత్రం అన్నాడు.

నీ నాలుగో ప్రశ్న మళ్లీ ఇక్కడ రాస్తున్నాను, నీ రాత నీకే గుర్తుకు రావాలని. "బస్తాల తాడు వదులైతే బండి పక్కకాపి దిగిన. ఒక్క నిమిషం పనే కదా అని లైట్లు వెయ్యలే, అది నా తప్పే. కానీ వెనక ఎర్ర టేపు గురువారం పొద్దున నేనే తుడిచిన బాపు. పొగమంచుల సుత అది మెరుస్తది. మరి ఆయనకు ఎందుకు కనవడలే?"

దీనికి జవాబు చెప్పాలంటే ప్రమాదం జరిగిన శుక్రవారం నుంచి మూడు రోజులు వెనక్కి పోవాలి. ఆ మంగళవారం ఖమ్మం రోడ్డు మీద పోలీసులు సరుకు బండ్లను ఆపుతున్నారు. రోడ్డు భద్రత నెల అని బ్యానర్ కట్టారు. నేను నీ పక్క సీట్లో ఉన్నాను. ముందున్న ట్రాలీ ఆటోలోంచి మిర్చి ఏరబోయే ఆడవాళ్లను దింపి, సామాను ఎక్కే చోట మనుషులను ఎక్కించుకుంటావా అని డ్రైవర్‌ను మందలిస్తున్నారు. తర్వాత మన వంతు వచ్చింది. హెడ్ కానిస్టేబుల్ ఓంప్రకాశ్ బండి వెనక్కి పోయి చూసి మనిద్దరినీ దిగమన్నాడు.

నా స్టిక్కర్ సంగతి నీకు తెలుసు. పచ్చ కాగితం మీద బంగారు అక్షరాలు, "రక్షించువాడు అల్లాహ్ ఒక్కడే." నేనే ప్రెస్‌లో అచ్చు వేయించాను. మన పంక్చర్ దుకాణానికి వచ్చిన ప్రతి బండికీ నా చేత్తోనే అంటించాను. బండి వెనక చెక్క మీద చదునుగా, అందరికీ కనిపించే చోటు ఒక్కటే ఉంటుంది. లైటు పడితే మెరిసే ఎర్ర టేపు ఉండేదీ అక్కడే. అంటించాక దాన్ని ఎవడూ గీకడు. దేవుడి పేరు మీద బ్లేడు పెట్టే చెయ్యి మన బండ్ల అడ్డాలో లేదు. పోలీసులూ పెట్టరు. ఎవరి నమ్మకాన్ని ముట్టుకున్నా గొడవ అవుతుందని వాళ్లకు తెలుసు.

ఓంప్రకాశ్ మర్యాదగానే మాట్లాడాడు. "చాచా, పేరు మంచిదే. కానీ వెనకొచ్చెటోనికి ఎర్ర టేపు కనవడాలె. జర పక్కకు అంటించుకోండ్రి."

నేను ఊరుకోలేదు. చుట్టూ పదిమంది డ్రైవర్లు నిలబడి ఉన్నారు. నాకు మనుషులు కనిపిస్తే మాట లేస్తుంది, నీకు తెలుసు. "సారూ, కాపాడేది నీ టేపా, ఆ పేరా? చెప్పి పో" అని గట్టిగా అడిగాను. డ్రైవర్లు నవ్వారు. ఓంప్రకాశ్ నవ్వలేదు. "రెండూ ఉండనీ చాచా, నేను ఏదీ తియ్యమంటలేను" అన్నాడు. జేబులోంచి టేపు చుట్ట తీసి, మన చెక్క మీద ఖాళీ ఉన్నంతమేర కొత్త ముక్క అంటించి, అరచేత్తో రుద్ది, చలాన్ రాయకుండా పంపించాడు.

మర్నాడు నువ్వు నాతో ఒక్క మాట అనకుండా గోరువెచ్చని నీళ్లతో స్టిక్కర్ తడిపి, చిరగకుండా ఊడదీసి, క్యాబిన్ తలుపు మీద అంటించుకున్నావు. పేరుకూ మర్యాద దక్కింది, టేపుకూ చోటు దక్కింది. ఓంప్రకాశ్ చెప్పింది అదే కదా. నేను చూశాను. చూసి ఊరుకున్నానని నువ్వు అనుకున్నావు.

ఊరుకోలేదు హమ్మాద్.

గురువారం సాయంత్రం నువ్వు స్నానానికి పోయినప్పుడు బండి దుకాణం ముందే ఉంది. మర్నాడు శుక్రవారం, జుమ్మా నమాజు. అడ్డాలో నేను మాట్లాడాల్సిన రోజు. మహమూద్ పోలీసుకు భయపడి పేరు పక్కకు జరిపించాడని ఒక్కడు అన్నా నా మాట చెల్లదనిపించింది. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వచ్చే పొడుగు స్టిక్కర్ ఒకటి ఉంటే తీశాను. నువ్వు పొద్దున తుడిచిన టేపు మీదే, ఓంప్రకాశ్ అరచేత్తో రుద్దిన ముక్క మీదే పరిచాను. పంక్చర్ ప్యాచ్ అదిమే రోలర్‌తో గాలి బుడగ లేకుండా నొక్కాను. శుక్రవారం తెల్లవారకముందే నువ్వు లోడు బండి ఎక్కి పోయావు. వెనక్కి పోయి చూసుకునే పని నీకు లేదు. తుడిచింది నువ్వే కదా.

కుమారస్వామి నాకు ఏమని చెప్పాడో విను. "ఎర్రగ ఏది కనవడలే చాచా. మంచుల పచ్చగ ఏందో కనవడ్డది. రోడ్డు పక్క చెట్టు అనుకున్న."

ఆయనకు ఆ పచ్చదనం ఏమిటో తెలియదు. నాకు తెలుసు. మంచం పక్కన నిలబడి తల ఊపాను. బయటికి వచ్చాను.

ఇంకొకటి ఉంది. ఇది మొదటిదానికంటే పెద్దది. స్టేషన్‌లో ఎస్సై నన్ను పిలిచి, చెప్పినంక కూడా టేపు మీద కాగితం ఎవరు అంటించారని అడిగాడు. "తెల్వద్ సార్" అన్నాను. పక్కనే ఉన్న ఓంప్రకాశ్ నా మొహం చూసి, "పోరడు మంచోడనుకున్న, మొండోడే" అన్నాడు. ఆ మాట నీ కేసు కాగితాల్లోకి ఎక్కింది. పోలీసు చెప్పినా వినకుండా కావాలని టేపు కప్పినవాడివని ఇప్పుడు నీ మీద రాసి ఉంది. రాయించింది నేను.

నేను మదర్సాలో చదివినవాణ్ణి కాదు. పొట్లాల కాగితాల మీద అక్షరాలు నేర్చుకుని, తెలుగు ఖురాన్ వేలు పెట్టి చదువుకున్నవాణ్ణి. "న్యాయం కోసం నిలబడండి, ఆ సాక్ష్యం మీకు వ్యతిరేకమైనా, మీ తల్లిదండ్రులకు వ్యతిరేకమైనా సరే" అన్న మాట ఎన్ని జుమ్మాలు చెప్పానో లెక్క లేదు. చెప్పినప్పుడల్లా ఎవరి తల్లిదండ్రులో అనుకున్నాను. ఒంటెను ముందు కట్టెయ్యి, ఆ తర్వాత దేవుడి మీద భారం వెయ్యి అన్నారు ప్రవక్త గారు. దారిలో జనానికి తగిలేదాన్ని తీసి పక్కన పెట్టడం ఈమాన్‌లో, అంటే విశ్వాసంలో, ఒక భాగమనీ ఆయనే అన్నారు. నేను దారిలో అడ్డం పెట్టాను. పెట్టింది దేవుడి పేరైనంత మాత్రాన అది అడ్డం కాకుండా పోదు.

మూడు రోజులుగా గోరువెచ్చని నీళ్ల చెంబు, గుడ్డ పట్టుకుని అడ్డాలో తిరుగుతున్నాను. నేను అంటించిన కాగితాలు నేనే తీస్తున్నాను. ఊడివచ్చిన ముక్కలు కాళ్ల కింద పడకుండా కుండలో వేసి, మసీదు వెనక పాతిపెడుతున్నాను. కొందరు నవ్వుతున్నారు. "మహమూద్ భాయ్, మల్ల ఏం ఆయతు దిగింది?" అని ఒకడు అడిగాడు. పాత వాక్యమే, ఇప్పుడే చదివిన అన్నాను.

ఈ ఉత్తరం చంద్రమౌళి చేతిలో పెట్టి నేరుగా స్టేషన్‌కు పోతాను. నువ్వు ఇది చదివేలోపు కాగితం అంటించింది నేనని చెప్పి, సంతకం పెట్టి ఉంటాను. తర్వాత దవాఖానకు పోయి కుమారస్వామికీ చెబుతాను. ఆ కోపం యాకమ్మ ఎవరి మీద పెట్టుకోవాలో ఆమెకు తెలియాలి. కానీ లైట్లు వేయలేదన్నదీ, ఉరికావన్నదీ నీవి. వాటిని నేను మోయలేను, నువ్వే చెప్పాలి. టేపు నువ్వు తుడిచావన్న సాక్ష్యం కూడా నీ నోటితోనే రావాలి. నాకు వ్యతిరేకంగా చెప్పడానికి వెనకాడకు. అది నా హుకుం.

ఇక ఇవాళ్టి పని. చంద్రమౌళి అక్కడ మిర్చి దించి సాయంత్రానికే తిరుగుతాడు. ఆయన లారీ వెనక కుడివైపు మేడారం జాతర నుంచి తెచ్చుకున్న పసుపు బట్ట వేలాడుతోంది. దాని కిందే టేపు ఉంది. తీసి ముందు కట్టుకోమంటే, "నీ కాయితం తీసినవని నా తల్లి బట్ట గూడ తియ్యమంటవా సాయబూ? వచ్చినంక చూద్దాం తియ్యి" అని నవ్వాడు. నేను రెట్టించలేకపోయాను. ఆయన నా మాట వినడు, వినకపోవడం న్యాయమే. కుమారస్వామి తల ఒళ్లో పెట్టుకున్నవాడివి నువ్వు, నీ మాట వింటాడు. ఆయన చేత ఆ బట్ట జరిపించడమే మొదట అడిగిన ప్రశ్నకు నీ జవాబు కావాలి.

లే హమ్మాద్. ఈ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇప్పుడే లారీ వెనక్కి పో. చంద్రమౌళిని పిలిచి, ఆ బట్ట ఆయన చేతే మర్యాదగా విప్పించి, ముందు అద్దం దగ్గర కట్టించు. టేపు తుడువు. పది అడుగులు వెనక్కి పోయి అది మెరుస్తుందో లేదో నీ కళ్లతో చూడు. మెరిస్తే ఆ బండే ఎక్కి రా. రేపు కాదు, ఇవాళే.

ఇట్లు,
స్టేషన్ గేటు దగ్గర నీ కోసం నిలబడి ఉండే
నీ బాపు,
మహమూద్