పదో అడ్మిషన్

ఏప్రిల్ 21

డీఎస్సీ లిస్టులో నా పేరుంది. స్కూల్ అసిస్టెంట్, మ్యాథ్స్. కిందినుంచి వెతికితే తొందరగా దొరుకుతుంది గానీ, ఉంది! అమ్మ మోకాళ్లూని ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. ఇంక డ్వాక్రా మీటింగులో నేను ముందు వరసలో కూర్చోవచ్చు కదే అంది. పడీపడీ నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు.

నా బీఈడీకి అమ్మ గ్రూపులో అప్పు తీసింది. ఫీజు కాక రికార్డులకంటూ, ప్రాక్టికల్స్‌కంటూ కాలేజీవాళ్లు గుంజినంత గుంజారు. ఇప్పుడు మండపేటలో ప్రైవేట్ స్కూల్లో నా జీతం పదకొండు వేలు. వేసవిలో అదీ సగమే. వాయిదా అందని నెల గ్రూపులో ఆడవాళ్లు తలా కొంత వేసి కడతారు. కట్టి ఊరుకుంటారా? పిల్లకి బీఈడీ ఎందుకు పాపాయమ్మా, కుట్టుమిషను కొనిస్తే ఈపాటికి నాలుగు రాళ్లు వెనకేసేది కదా అంటారు. అమ్మ వెనక గోడకి ఆనుకుని వింటుంది. లెక్కల టీచర్ని కదా, నేనూ ఆ లెక్క వేసి చూశాను. కుట్టుమిషనే నయం.

ఈ ఉద్యోగం వస్తే మాత్రం ఏడాదిలో తీర్చి పారేస్తాను.

ఏప్రిల్ 22

వెరిఫికేషన్ మే 5న, కాకినాడలో. ఒరిజినల్స్ చూపించకపోతే లిస్టులోంచి తీసేస్తారు.

నా ఒరిజినల్స్ సత్తిరాజు గారి బీరువాలో ఉన్నాయి.

ఏప్రిల్ 23

సత్తిరాజు గారు మా స్కూల్ కరస్పాండెంట్. చేరిన రోజే టీచర్లందరి సర్టిఫికెట్లూ తీసుకుని తాళం వేస్తారు, మధ్యలో మానేసి పోకుండా. వెళ్లి అడిగితే ఎంత మర్యాదో! చాలా సంతోషమండి కుమారి టీచర్‌గారూ, మన స్కూలుకే పేరు కదండీ అన్నారు. కాఫీ తెప్పించారు. ఆ పది అడ్మిషన్లూ పూర్తిచేసి నిక్షేపంగా పట్టుకెళ్లండి అన్నారు.

నావి ఇంకా మూడే. ఎండాకాలం మాకు సెలవులుండవు. పాంప్లెట్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి తలా పదిమంది పిల్లల్ని చేర్పించాలి.

ఏప్రిల్ 28, మధ్యాహ్నం 2

ఆరు. ఒకావిడ మజ్జిగ ఇచ్చింది, పిల్లాణ్ణి ఇవ్వలేదు. చెప్పు తెగింది.

మే 2

తొమ్మిది. పది అయిపోవలసిందే. నేను మాట్లాడి పెట్టుకున్న ఇంటికి హిందీ మాస్టారు అచ్చిబాబు గారు పొద్దున్నే పోయి సంతకం పెట్టించుకున్నారు. నడిరోడ్డు మీద కడిగేశాను. మీకొక్కరికేనా టార్గెట్టు, నాకు లేదా అన్నారు. ఆయన ఒరిజినల్సూ ఆ బీరువాలోనే ఉన్నాయి పాపం.

మా ఊళ్లో నేను తొక్కని గడప ఒక్కటే మిగిలింది. మరిడమ్మ పిన్నిది. రైస్‌మిల్లులో పని, అమ్మ గ్రూపే. పోయినేడు రెండు నెలలు అమ్మ వాయిదా తనే కట్టింది, ఒక్క మాట అనకుండా. కూతురు రమ్యశ్రీ మా ఊరి గవర్నమెంట్ యూపీ స్కూల్లో ఏడు పాసై అక్కడే ఎనిమిదికొచ్చింది. ఆ ఇంటికి మాత్రం వెళ్లను.

మే 3, సాయంత్రం

వెళ్లాను.

చర్చి నుంచి తిన్నగా, అదే చీరతో. పిన్ని కుర్చీ తుడిచి వేసింది. అక్కడ ఫీజు లేదు కదమ్మా, అన్నం కూడా పెడతన్నారు అంది. పాంప్లెట్‌లోవన్నీ వల్లించాను. ఐఐటీ ఫౌండేషన్, డిజిటల్ క్లాసులు. ఆ ప్రొజెక్టర్ కాలిపోయి రెండేళ్లయింది. ఆవిడ అవేమీ పట్టించుకోలేదు. లెక్కలు నువ్వే చెప్తావా, నువ్వుంటావా అక్కడ అని మాత్రం అడిగింది.

ఉంటాను పిన్నీ, నేను చూసుకుంటాను కదా అన్నాను.

గొంతైనా తడబడలేదు. ఛీ! గ్రూపులో లోను తీసి ఫీజు కడతానంది. వచ్చేటప్పుడు మునక్కాయలిచ్చింది. అమ్మ వాటిని పులుసులో వేసింది. తినలేదు.

మే 4

ఒరిజినల్స్ చేతికొచ్చాయి. నా కవరు తీసిన అరలోనే రమ్యశ్రీ ఫారం పెట్టి తాళం వేశారు.

మే 5

వెరిఫికేషన్ అయిపోయింది. ఏమీ రాయాలని లేదు.

జూన్ 11

పోస్టింగు. నా ర్యాంకుకి మిగిలినవి రెండే. ఒకటి చింతూరు అవతల ఎక్కడో. రెండోది మా ఊరి యూపీ స్కూలు, అదే తీసుకున్నాను. అమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఇంటి పక్కనే ఉద్యోగమని వీధంతా చెప్పొచ్చింది. మరిడమ్మ పిన్నికి కూడా.

జూన్ 15

చేరాను. హెడ్మాస్టర్ రమేష్ బాబు గారు మంచాయన. ఆరు, ఏడు, ఎనిమిది కలిపి పంతొమ్మిది మందేనండి అన్నారు. ఆగస్టు నెలాఖరుకి ఇరవై మంది లేకపోతే మూడు క్లాసులూ ఎత్తేసి పక్కూరి హైస్కూల్లో కలిపేస్తారట. అప్పుడు నన్నెక్కడ పడేస్తారో ఆయనకీ తెలియదట. పోయినేడు బానే ఉన్నారండి, ఎవరో ప్రైవేటువాళ్లు ఎండలో కూడా తిరిగి ఎత్తుకుపోయారు అన్నారు. మీరు ఈ ఊరివారే కదా, మీ మాటంటే వింటారు, నాలుగిళ్లు తిరగండి అన్నారు.

నా పదిమందిలో ముగ్గురు ఈ బడివాళ్లే. సంతకం పెట్టేటప్పుడు తలెత్తలేదు.

జూన్ 18

స్కూల్ వ్యాను దగ్గర రమ్యశ్రీ. టై కట్టుకుంది, మెడ దగ్గర ఎర్రగా కమిలింది. లెక్కలకి ఇంకా ఎవరూ రాలేదు టీచర్, మీరెప్పుడొస్తారు అని అడిగింది. దానికి ఎవరూ చెప్పలేదు కాబోలు. నేనూ చెప్పలేదు.

జూన్ 20

ఆ ముగ్గురిలో రమ్యశ్రీ కాక మిగతా ఇద్దరి ఇళ్లలో తలుపు దగ్గర్నుంచే పంపించేశారు. అప్పుడొక మాట ఇప్పుడొక మాటా అన్నారు. వాళ్లన్నది నిజమే కదా.

మరిడమ్మ పిన్ని ఈసారి కుర్చీ వేయలేదు. నిలబడే మాట్లాడాను. రమ్యశ్రీని తెచ్చేద్దాం, నేనే చెప్తాను అన్నాను. మొదటి టర్మ్ ఫీజు కట్టేసిందట. ఏడాది మొత్తం కడితే గానీ టీసీ ఇవ్వనన్నారట సత్తిరాజు గారు. ఆ లోను కూడా గ్రూపుదే. ఈవిడ వాయిదా తప్పితే తలా కొంత వేయాల్సిన వాళ్లలో మా అమ్మ కూడా ఉంది.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండును. బియ్యం చెరుగుతూనే, నీ కాయితాలు నువ్వు తెచ్చేసుకున్నావు కదమ్మా, మా పిల్ల కాయితం కూడా తీసుకొచ్చి పెట్టు అంది.

ఆగస్టు 3

మొదటి జీతం పడింది. సత్తిరాజు గారు ఈసారీ కాఫీ తెప్పించారు. తాగలేదు. ఏడాది ఫీజులో బాకీ కట్టి రమ్యశ్రీ టీసీ తెచ్చాను. మిగిలింది మరిడమ్మ పిన్ని కట్టిన టర్మ్ ఫీజు కింద ఆవిడ చేతిలో పెట్టాను. లెక్కపెట్టుకుని తీసుకుంది. మా వాయిదాకి ఏమీ మిగల్లేదు.

రేపు డ్వాక్రా మీటింగు. అమ్మ నీలం చీర ఇస్త్రీ చేయించుకుంది. రేపూ వెనకే కూర్చోవాలని ఇంకా చెప్పలేదు.