బెకబెకయ్య నోరు

ప్రియమైన అక్కా,

ఈ ఇంట్లో ఒక పసిదాని నోరు పాడైంది. పాడుచేసింది నువ్వు. పనికోసం అంత దూరం వెళ్ళి, టీవీలో ఆ బొమ్మ కప్ప బెకబెకయ్యకి గొంతు అరువిచ్చి, "ఛీ ఛీ! నాకొద్దు బాబోయ్!" అంటున్నావే, ఇక్కడ నీ కూతురికి నిద్రలేస్తే అదే మాట, పడుకుంటే అదే మాట. పాలిస్తే ఛీ ఛీ. స్నానానికి పిలిస్తే ఛీ ఛీ. నిన్న వీధి కాలువ తీసే ఆయన దీని బంతిని బురదలోంచి తీసి, కడిగి మరీ చేతికిస్తే, ఆయన మొహం మీదే ఛీ ఛీ అంది! శ్రమించే చేతిని చూసి అసహ్యమా? ఆయనేమో పడీ పడీ నవ్వి, అచ్చం కప్పలాగే తిరిగి "ఛీ ఛీ" అన్నాడు. ఈ జనం ఎప్పుడు మేలుకుంటారు!

నాన్న కుట్టుమిషన్ ఆపకుండా, పెదాల మధ్య గుండుసూదులతోనే, "పసిది రా, పోనీ" అన్నాడు. అమ్మ "చిన్నప్పుడు నువ్వు ఇంతకంటే పెంకివాడివి" అంది. ఈ ఇంట్లో సిద్ధాంతం మాట్లాడడం అరణ్యరోదన.

అందుకే మా ప్రెస్సులో అర్జీ అచ్చువేసి, వీధంతా సంతకాలు పెట్టించి, మీ స్టూడియోకి పంపాను. నీ పేరు ఎత్తలేదులే. ఆ కప్ప నోరు మూయించాల్సిందే.

ఆగ్రహంతో, అయినా ప్రేమతో,
నీ తమ్ముడు

*

ప్రియమైన చిచ్చుబుడ్డికి,

నీ అర్జీ అందింది. మేనేజరు మమ్మల్నందరినీ నిలబెట్టి చదివాడు. "ఈ కప్ప బూర్జువా విషపు మొలక" దగ్గర కెమెరా అబ్బాయి నవ్వాపుకోలేక దగ్గుతూ బయటికి పరుగెత్తాడు. రాసింది నా తమ్ముడేనని చెప్పుకోలేక చచ్చాను.

గెలిచావురా. సోమవారం నుంచి బెకబెకయ్య "సరే సరే! మీ ఇష్టమే నా ఇష్టం!" అంటాడట. ఆ మాటకి నా గొంతు గరుకుగా ఉందట. తేనెలాంటి గొంతున్న అమ్మాయిని తెచ్చారు. నన్ను వెళ్ళమన్నారు.

ఇంకో పని దొరికేదాకా ఇక్కడే ఉంటాను. నాన్న మిషన్ ఒక్కటీ ఎంతమందిని మోస్తుంది? నా దిగులల్లా చిట్టి గురించే. కప్పలో ఉన్నది వాళ్ళమ్మేనని దానికెవరూ చెప్పలేదు కదా. అయినా రోజూ టీవీకి అంత దగ్గరగా ఎందుకు కూర్చుంటుందో!

పాలు నువ్వే పట్టు. తిట్టకు.

నీ అక్క

*

ప్రియమైన అక్కా,

ఛీ! "మీ ఇష్టమే నా ఇష్టం" అట! బానిసలు కూడా తల దించుకుని అనే మాటని పసిపిల్లలకి పాటలా నేర్పుతారా? దానికి నా అర్జీ సాకా?

సోమవారం సాయంత్రం అందరం కూర్చున్నాం. కప్ప నోరు తెరిచింది. తేనె కారింది. చిట్టి లేచి తెరకి చెవి ఆనించింది. టీవీ వెనక్కి వెళ్ళి తీగల మధ్య వెతికింది. తిరిగొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, "ఛీ ఛీ! నాకొద్దు బాబోయ్!" అని టీవీ కట్టేసింది. అచ్చం నీ గొంతే అక్కా, ఆ గరుకుతో సహా. నాన్న మిషన్ ఆగిపోయింది. అమ్మ నన్ను పురుగుని చూసినట్టు చూసింది. అద్దంలో నాకు నేనూ అలాగే కనిపించాను.

మళ్ళీ సంతకాలకి బయల్దేరితే కాలువ తీసే ఆయన, "ఈసారి దేన్ని మూయించాలి బాబూ?" అన్నాడు. "తెరిపించాలి" అన్నాను. పెట్టాడు.

కరపత్రం సిరా ఇంకా ఆరలేదు. నాన్న బ్యానర్ కుడుతున్నాడు. వీధంతా వస్తోంది. చిట్టి నా భుజాల మీద ఉంటుంది. నినాదం ఏమిటో నీకు చెప్పక్కర్లేదు, కాకపోతే మొదట ఎత్తుకోవాల్సింది నువ్వే. చిట్టి నీ గొంతు వినాలి.

శనివారం ఉదయం సరిగ్గా పది గంటలకి, మీ స్టూడియో గేటు ముందుకి రా.

నీ చిచ్చుబుడ్డి